నేనున్న లే

మొన్న సాయంత్రం టీవీలో స్పెయిన్ దేశపు గోల్‌కీపర్ ఒకాయన ఆట నుంచి సెలవు తీసుకుంటుంటే చూశాను. మీసం మొలిచిన నాటి నుంచి నెరిసేదాకా ఒకే గోలు ముందు నిలబడ్డాడట. స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొడుతోంది. ఆయన గోలు కర్రకు నుదురు ఆనించి ఏడుస్తున్నాడు. నా మనవరాలు పక్కన కూర్చుని, వాళ్ళు ఇంగ్లీషులో చెబుతున్నదాన్ని నా కోసం మరాఠీలోకి మారుస్తోంది. మా ఇంట్లో ఇప్పుడు నడిచే భాష అదే.

ఈయన దేశం తరఫున కూడా చాలా ఏళ్ళు ఆడాడట ఆజోబా, అంది. ఆజోబా అంటే తాత.

"ఆడడా మరి. ఆయన ఊరినెవరూ ఎత్తుకపోలేదు గద" అన్నాను తెలుగులోనే.

ఆ పిల్లకు అర్థం కాలేదు. "తుమ్హీ పణ్ గోల్‌కీపర్ హోతా నా?" అని అడిగింది, మీరు కూడా గోల్‌కీపరే కదా అని. అవునన్నాను. అంతకు మించి చెప్పడానికి నా మరాఠీ చాలదు. బేరాలకూ తగాదాలకూ సరిపోయే మరాఠీ అది. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగు చదవగలిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఒకందుకు అదీ మంచిదే, చదివి నన్ను ఓదార్చేవాళ్ళు ఉండరు.

నేను రాజురాలో పుట్టాను. మా నాయనకు బజారులో ఉప్పు, బెల్లం, చింతపండు అమ్మే దుకాణం ఉండేది. వర్ధా నది దాటితే చాందా. ఇప్పుడు చంద్రపూర్ అంటున్నారు గానీ నా నోటికి ఇంకా చాందాయే. నా చిన్నతనంలో నది అవతల ఇంకొకరి రాజ్యం. ఇవతల మేం నిజాం మనుషులం, నిజాం పోయాక హైదరాబాదు రాష్ట్రం వాళ్ళం. బడిలో ఉర్దూ, ఇంట్లో తెలుగు, సంతలో మరాఠీ. తెలుగు అక్షరాలు మాత్రం మా అమ్మ నేర్పింది, బెల్లం చుట్టడానికి తెచ్చిన పాత కాగితాల మీద నా వేలు పట్టి తిప్పి.

దేవుడు నాకు మిగతావన్నీ పిసినారితనంగా ఇచ్చి చేతులు మాత్రం ధారాళంగా ఇచ్చాడు. నిలబడితే మోకాళ్ళదాకా వేలాడేవి. బడిలో ఉర్దూ చెప్పే మాస్టారు ఫుట్‌బాల్ పిచ్చివాడు. నన్ను చూసీ చూడగానే, ఈ చేతులతో కలం పట్టడం దండగని గోలు కర్రల మధ్యకు తోలాడు. ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. గోలీగా, అంటే గోల్‌కీపర్‌గా, నిలబడ్డానని ఇంట్లో గర్వంగా చెబితే మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "పెండ్లీడొచ్చినంక గోలీలాడుడేందిరా, సిగ్గు లేదా?" అంది. గోలీ అంటే ఆమెకు పిల్లలు మట్టిలో ఆడే గాజు గుండ్లే. ఎంత చెప్పినా నమ్మలేదు. జేబులు తడిమి చూసింది కూడా.

గోల్‌కీపర్ పనిలో సగం చేతులది, సగం నోటిది. ఈ రెండో సగం చూసేవాళ్ళకు తెలియదు. బంతి పైనుంచి దిగుతూ, నాకూ నా ముందు అడ్డుగా ఆడే బ్యాకుకూ మధ్య పడబోతున్నప్పుడు అది ఎవరిదో ఒకరు అరిచి చెప్పాలి. ఇద్దరూ వెళ్తే తలలు పగులుతాయి, ఇద్దరూ ఆగితే గోలు. చెప్పాల్సినవాడు గోల్‌కీపరే, ఎందుకంటే మైదానమంతా కనిపించేది వాడికే. నేను అరిచే మాట "నేనున్న లే!" మా ఇంట్లో మాటే అది. నాయన దుకాణంలో మూట ఎత్తలేక ఆగితే అమ్మ వెనకనుంచి వచ్చి "నేనున్న లే" అని ఓ చెయ్యేసేది. నువ్వు వదిలెయ్, నేను చూసుకుంటాను అని దానర్థం. ఆ మాట వినగానే మా బ్యాకులు తల వంచి పక్కకు తప్పుకునేవారు. అందరూ రాజురా పిల్లలే, అందరి ఇళ్ళలోనూ ఆ మాట ఉంది.

నాకు జీవితంలో ఒక్కటే కావలసి వచ్చింది. రాష్ట్రం జెర్సీ వేసుకుని ఒక్క ఆట ఆడాలి. ఆ రోజుల్లో హైదరాబాదు ఆటంటే దేశమంతా హడలు. ఆ జెర్సీ ఒక్కసారి ఒంటిమీద పడితే తరవాత ఏమైనా ఫరవాలేదనుకున్నాను. పెళ్ళి, దుకాణం, పేరు, ఇవేవీ నాకు అంతగా కనబడలేదు. ఇది పిచ్చి అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు, అనిపించి ఉంటే బాగుపడేవాణ్ణి.

యాభై ఆరులో, వానాకాలంలో, జిల్లా తరఫున నన్ను హైదరాబాదు క్యాంపుకు పిలిచారు. అక్కడి కోచ్ వరంగల్ వైపు మనిషి, పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ నోట్లో లవంగంతో ఉండేవాడు. మొదటిరోజే నా మీదికి బంతులు కొట్టించి చూసి, పక్కవాళ్ళతో "మనోడే. రాజురా పిల్లగాడు. వీడు గోల్ల నిలబడితే తలుపు పెట్టినట్టే" అన్నాడు. మనోడు అన్న ఆ మాటకే నేను సగం కరిగిపోయాను. క్యాంపు చివర నన్ను తీసుకున్నారు. జెర్సీలు కుట్టడానికి దర్జీ వచ్చాడు. నా చేతుల దగ్గరికి వచ్చేసరికి టేపు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, "ఏంది కొడుకా, నీ చేతులకు వేరే తాను తేవాలె" అని నవ్వాడు. ఆకుపచ్చ రంగు గుడ్డ. చలికాలం మొదట్లో సామాను సర్దుకుని రమ్మన్నారు.

నేను ఇంటికొచ్చేసరికి రాష్ట్రాలను పంచుకుంటున్నారన్న కబురు ముదిరింది. తెలుగువాళ్ళంతా ఒక రాష్ట్రం, మరాఠీవాళ్ళంతా ఇంకొకటి. బజారులో రోజూ అదే గొడవ. మా తాలూకాను అదిలాబాదు నుంచి తెంపి, నది అవతలి చాందాతో పాటే బొంబాయి రాష్ట్రంలో కలుపుతున్నారని ఒకరోజు ఖాయంగా తెలిసింది. నాయన ఏ రాష్ట్రంలోనైనా ఉప్పు ఉప్పేనన్నట్టు తూకం వేస్తూ ఉన్నాడు. అమ్మకే అంతుబట్టలేదు. "ఇల్లు గీడనే ఉండె, దుకాణం గీడనే ఉండె. మనం ఎట్ల పోతమ్రా?" అంది. నవంబరు మొదటి తారీకున మేం లేచిన చోటనే ఇంకో రాష్ట్రంలో లేచాం.

నాకు అప్పటికీ బుర్రలో ఏమీ వెలగలేదు. రాష్ట్రం మారితే కచేరీల్లో కాగితాలు మారతాయిగానీ, బంతి పట్టే చేతులు మారతాయా అనుకున్నాను. చెప్పిన సమయానికి ట్రంకుపెట్టె పట్టుకుని హైదరాబాదులో దిగాను. కోచ్ నన్ను మైదానం గేటు దగ్గరే చూసి గబగబా ఎదురొచ్చాడు. లోపలికి తీసుకుపోకుండా బయటి హోటల్లో కూర్చోబెట్టి చాయ్ చెప్పాడు. అప్పుడే అర్థమై ఉండాల్సింది.

"గా రాష్ట్రమే లేదు తమ్మీ ఇగ" అన్నాడు. "కొత్త రాష్ట్రంల మీ తాలూకా లేదు. నీ పేరు పంపితే వాపసు కొడ్తరు. మేం ఏం చేస్తం చెప్పు?"

"గవే చేతులు గద సార్" అన్నాను.

"చేతులు గవే. ఊరే మారె."

మన తెలుగులో ఒక సౌకర్యం ఉంది. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, తీసేస్తే మేం. వానాకాలంలో ఆయన నోట 'మనం' తప్ప వినలేదు. మనం గెలవాలె, మనం ఉరకాలె, మనం తినాలె. చలికాలానికి అది 'మేం' అయింది. ఆయన తిట్టి పంపినా బాగుండేది. రెండో చాయ్ చెప్పి, బిస్కెట్లు తినమని బలవంతపెట్టి, రైలు టైము కనుక్కుని చెప్పాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా చోటివ్వని మంచితనం అది. స్టేషనుకు పోయే ముందు కంచె సందులోంచి చూశాను. గోల్లో ఇంకో కుర్రవాడు నిలబడ్డాడు. నా కొలతకు కుట్టిన జెర్సీ వేసుకున్నాడు. చేతులు పొడుగై, మణికట్ల దగ్గర మడత మీద మడత పెట్టుకున్నాడు.

ఆ మడతల్ని చూసి నేను ఏడ్చాను. దారిలో పోయేవాళ్ళు చూస్తున్నారని కూడా తోచలేదు.

రాజురాలో మొహం చూపించలేక నది దాటి చాందా చేరాను. బాబుపేట్ అవతల ఉన్న ఒక బొగ్గు గనిలో జట్టు ఉండేది. ఆ గని మేనేజరుకు బొగ్గు కంటే ఫుట్‌బాల్ మీదే మక్కువ ఎక్కువ. నా చేతుల్ని చూసి దీపాల గదిలో పని ఇచ్చాడు. గనిలోకి దిగేవాళ్ళకు దీపాలివ్వడం, పైకొచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం, తుడవడం. దిగేవాళ్ళలో సగం మంది కరీంనగర్, అదిలాబాదు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. గని జట్టులో నా ముందు ఆడే బ్యాకులూ వాళ్ళే. కాబట్టి "నేనున్న లే" ఇక్కడా చెల్లింది. ఆసిఫాబాదు పిల్లతో పెళ్ళి కూడా అయింది. పరాయి రాష్ట్రం పిల్లను చేసుకున్నావని స్నేహితులు ఎగతాళి చేశారు. యేడాది ముందైతే అదీ మా జిల్లాయే.

తరవాత నాగపూర్ నుంచి పిలుపొచ్చింది. ఇటువైపు జట్టు కోసం ఆటగాళ్ళను ఏరుతున్నారని, మేనేజరు నా పేరు పంపాడని తెలిసింది. ఒకసారి దెబ్బతిన్నవాణ్ణి గదా, ఆశపడకూడదనుకున్నాను. రైల్లో కూర్చున్నాక భద్రావతి దాటకముందే ఆశపడ్డాను. బట్టలు మార్చుకుంటుంటే సెలెక్టరు తన పక్కవాణ్ణి అడగడం వినిపించింది, "హా ఆప్‌లా ఆహే కా?" అని. వీడు మనోడేనా అని. మరాఠీలోనూ ఆ మాట ఉందన్నమాట. పక్కవాడు "చాంద్యాచా. తెలంగీ ఆహే" అన్నాడు. చాందా వాడే, కానీ తెలుగువాడు. సెలెక్టరు "బఘూ" అన్నాడు, చూద్దాం అని.

చూశాడు, పాపం. నేను బాగానే ఆడాను. ఎడమవైపు మూలకు పోతున్న బంతిని వేళ్ళ చివరతో బయటికి తోసినప్పుడు అతనే చప్పట్లు కొట్టాడు. నా ముందు బ్యాకుగా నాగపూర్ వాడే, ఎద్దు మెడ ఉన్న మనిషి ఒకడు ఆడుతున్నాడు. ఆ మైదానంలో అందరి మాటా హిందీయే. ఆట చివర్లో ఒక బంతి పైనుంచి మెల్లగా, పెళ్ళికూతురిలా, నా చేతుల్లోకే దిగుతోంది. బ్యాకు కూడా దాని కిందికే వస్తున్నాడు. నేను గొంతు చించుకుని అరిచాను.

"నేనున్న లే!"

అతనికి మొదటి మాట అర్థం కాలేదు. రెండోది మాత్రం బాగా అర్థమైంది. హిందీలో 'లే' అంటే తీసుకో. ఇంకేముంది, తీసుకున్నాడు. మెడ బిగించి తలతో ఒక్కటి పొడిచాడు. బంతి నా చేతుల మీదుగా మా గోల్లోకే పోయింది. నేను వెనక్కి తిరిగి చూస్తే వల ఇంకా ఊగుతోంది.

"తూనే హీ తో బోలా, లే!" అన్నాడు ఎద్దు మెడవాడు అమాయకంగా, నువ్వే కదా తీసుకోమన్నావు అని. మా అమ్మ మాటను అతనికి హిందీలో ఎట్లా విడమరచను? గట్టున కూర్చున్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. సెలెక్టరు నవ్వలేదు. గోల్‌కీపర్ మాట బ్యాకులకు తెలియకపోతే కష్టమన్నాడు. అది నిజమే కూడా. నిజమైన మాటలతో కొట్టిన దెబ్బకు మందు ఉండదు.

హైదరాబాదుకు నేను బొంబాయి వాణ్ణి. నాగపూర్‌కు తెలంగీవాణ్ణి. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

ఇంటికొచ్చి నోరు మార్చుకోవాలని కూర్చున్నాను. ఇకమీద "ఛోడ్!" అనాలి. వదిలెయ్ అని, ఎవడికైనా అర్థమవుతుంది. నిద్రలో కూడా అదే రావాలని ఇంట్లో సాధన మొదలుపెట్టాను. పొయ్యిమీది గిన్నె దించబోతూ ఛోడ్, బావిలో చేద లాగుతూ ఛోడ్. మా ఆవిడ కొన్నాళ్ళు ఓపిక పట్టింది.

"పొద్దందాక ఎవరిని వదిలెయ్యమంటున్నవ్? నన్నా?" అని ఒకరోజు గరిటె ఎత్తింది.

కథంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. గరిటె కింద పెట్టి, "మంచి మాటుండె, పోగొట్టుకుంటివి" అంది. ఆ తరవాత మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. ఆమె ఎప్పుడైనా అలవాటు కొద్దీ "నేనున్న" అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేసేది. నేను మాత్రం పంతంగా సాధించాను. రెండు మూడేళ్ళకు నా నోట ఛోడ్ తప్ప ఇంకోటి రావడం మానేసింది.

అరవైలో బొంబాయి రాష్ట్రం కూడా పోయి మహారాష్ట్ర అయింది. లేచిన చోటనే మళ్ళీ ఇంకో రాష్ట్రంలో లేచాం. కొత్త రాష్ట్రానికి కొత్త జట్టు కడుతున్నారని, మా వైపు నుంచి కూడా ఒకరిద్దరిని తీసుకుంటారని కబురొచ్చింది. అదే రోజుల్లో నాగపూర్‌కు ఆడటానికి పోతున్న హైదరాబాదు జట్టొకటి దారిలో చాందాలో దిగి, మా గని జట్టుతో సరదాగా ఒక ఆట ఆడటానికి ఒప్పుకుంది. మేనేజరు తెలివిగా నాగపూర్ సెలెక్టరును ఆ ఆటకు పిలిపించాడు. "హైదరాబాద్‌కో రోక్ దే, బస్" అన్నాడు నాతో. హైదరాబాదును ఆపితే చాలు, నీ పని అయినట్టే.

ఆ జట్టుతో వచ్చిన కోచ్ ఎవరనుకున్నారు? లవంగం ఆయనే. జుట్టు పలచబడింది. టెంటులో నన్ను చూసి ఆప్యాయంగా భుజం తట్టి, తన ఆటగాళ్ళకు చూపించాడు. "ఒకప్పుడు మనోడే" అన్నాడు. ఒకప్పుడు అన్న ముక్క గుచ్చుకుంది గానీ, చుట్టూ అంతమంది తెలుగు మాట్లాడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. గనిలో తెలుగు లేదని కాదు. ఇది ఆటగాళ్ళ తెలుగు, నేను ఉండాల్సిన చోటి తెలుగు. చాయ్‌లు అందించాను, ఊరి సంగతులు అడిగాను. నాకేం పోయేకాలమో, నాగపూర్‌లో జరిగిన 'లే' కథను నేనే రసవత్తరంగా నటించి మరీ చెప్పాను. టెంటంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది వాళ్ళలో గోలు కొట్టే సెంటర్ ఫార్వర్డు, చెంప మీద గాటున్న పిల్లవాడు.

"ఏమని అరిచినవ్ అన్నా? మల్లొక్కపారి చెప్పు" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

మళ్ళీ చెప్పాను. పైగా గొంతు కూడా అట్లాగే పెట్టి చెప్పాను.

ఆ ఆటలో నేను ఆడినట్టు అంతకు ముందూ ఆడలేదు, తరవాతా ఆడలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, చెప్పుకుని ఇప్పుడు చేసేదేముంది. ఆ పొద్దు బంతి నాకు గుమ్మడికాయంత కనబడింది. చెంపగాటు పిల్లవాడు కాలితో కొట్టాడు, తలతో కొట్టాడు, దగ్గరికొచ్చి కొట్టాడు. అన్నీ ఆపాను. మా వాళ్ళు ఎట్లాగో ఒక గోలు కూడా వేశారు. గట్టున కుర్చీలో కూర్చున్న సెలెక్టరు మేనేజరు వైపు వంగి ఏదో చెప్పడం, మేనేజరు తల ఊపి నా వైపు చూసి నవ్వడం నాకు కనిపించింది. ఆ నవ్వుతో జెర్సీ నా ఒంటిమీద పడ్డట్టే అనిపించింది.

ఆట ముగిసేముందు కుడివైపు నుంచి ఒక బంతి ఎత్తుగా వచ్చింది. నేను గోలు వదిలి ముందుకు వచ్చి చేతులు చాచాను. "ఛోడ్" అందామని నోరు తెరిచానో లేదో, నా వీపు వెనకనుంచి, నెమ్మదిగా, ఎంతో నమ్మకంగా వినిపించింది.

"నేనున్న లే అన్నా."

మా బ్యాకుల్లో కరీంనగర్ వైపు పిల్లవాడొకడు నన్ను అన్నా అనే పిలుస్తాడు. వాడే అనుకున్నాను అని చెప్పాలి. చెప్పాను కూడా, అందరికీ అదే చెప్పాను. కానీ అసలు సంగతి అది కాదు. ఎవరన్నారని ఆలోచించే వ్యవధే లేదు. చానాళ్ళుగా ఎవరూ నాతో ఆ మాట అనలేదు. చెవిన పడగానే నా చేతులు వాటంతట అవే వెనక్కి వచ్చాయి. మూట దించుకున్న మనిషిలాగా ఒళ్ళంతా తేలికైంది. బంతి నా ముందు పడింది. చెంపగాటు పిల్లవాడు నా చంక కిందనుంచి వచ్చి దాన్ని ఖాళీ గోల్లోకి నెట్టాడు.

పరిగెత్తుకుని రిఫరీ దగ్గరికి పోయాను. ఎదుటి జట్టువాణ్ణి నీ మనిషినేనని నమ్మించి మోసపు కేక వేస్తే తప్పే. రిఫరీ చాందా మనిషి, తెలుగు ముక్క రాదు.

"క్యా బోలా వో?" అని అడిగాడు, వాడేమన్నాడు అని.

"మై హూఁ, ఐసా బోలా సాబ్" అన్నాను, నేనున్నానన్నాడు అని.

రిఫరీ చెంపగాటు పిల్లవాణ్ణి కిందికీ మీదికీ చూశాడు. "హై నా. ఫిర్?" అన్నాడు. ఉన్నాడు కదా, అయితే ఏంటి?

ఈల ఊది గోలు ఖాయం చేశాడు. ఆట అట్లాగే ముగిసింది. చెరో గోలుతో సమానమే, మాకు పరువు తక్కువేమీ కాదు. మేనేజరు నా మొహం చూడలేదు. సెలెక్టరు లేచి ప్యాంటు దులుపుకుని, చేతులు బాగున్నాయి గానీ చేతికొచ్చిన బంతిని ఎవడో ఏదో అన్నాడని వదిలేసేవాణ్ణి రాష్ట్రానికి ఎట్లా తీసుకుపోనని మరాఠీలో మర్యాదగానే అన్నాడు. ఆయనకు రైలు టైమైంది. కోచ్ నా దగ్గరిదాకా వచ్చి, లవంగం నములుతూ వెళ్ళిపోయాడు.

చెంపగాటు పిల్లవాడు మాత్రం నేరుగా వచ్చి నన్ను కావలించుకున్నాడు. వాణ్ణి కొట్టాలని నా చేతులు తిమ్మిరెక్కాయి. వాడి మొహంలో మోసం లేదు. గోలు కొట్టిన పిల్లల మొహాలు ఎట్లా ఉంటాయో అట్లా ఉంది.

"గోస పెట్టుకోకు అన్నా, ఆట గద" అన్నాడు. "మనోడివి కాబట్టే గట్లన్న. వేరేటోడైతే సమజ్ గాకపోతుండె గద."

మనోడు అన్న మాట కోసం నేను ఎన్ని రైళ్ళెక్కానో వాడికి తెలియదు. చివరికి ఆ మాట దొరికింది, దొరకాల్సిన పద్ధతిలోనే దొరికింది.

ఆ తరవాత నన్ను ఎవరూ ఎక్కడికీ పిలవలేదు. గని గోల్లో మాత్రం జుట్టు నెరిసేదాకా నిలబడ్డాను. గనులు సర్కారువయ్యాయి, జట్లను కలిపారు, విడదీశారు, మళ్ళీ కలిపారు. చొక్కాల మీద పేరు మారింది, రంగు మారింది. మేనేజర్లు వచ్చారు, పోయారు. నేను అదే రెండు కర్రల మధ్య ఛోడ్, ఛోడ్ అని అరుస్తూనే ఉన్నాను. ఎవరికీ నన్ను తీసెయ్యాలని తోచలేదు, అంతే. చూసేవాళ్ళు మెచ్చుకునేవారు, ఇంత కాలం ఒకేచోట ఆడినవాడు చాందాలో లేడని. కదలడానికి చోటు దొరకనివాణ్ణి కదలలేదని మెచ్చుకోవడం నాకు ఒళ్ళుమంటగా ఉండేది. నా చివరి ఆట ఏదో నాకు కూడా తెలియదు. ఒకరోజు మోకాలు వాచిందని పోలేదు. తరవాత పోతే గోల్లో వేరే కుర్రవాడు ఉన్నాడు. మళ్ళీ దీపాల గదికి వచ్చి దీపాలు తుడిచాను. చప్పట్లు గిప్పట్లు ఏమీ లేవు.

మా ఆవిడ పోయే ముందు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని చాలాసేపు నా మొహం చూస్తూ పడుకుంది. ఏం వినాలనుకుంటోందో నాకు తెలుసు. "నేనున్న" అన్నాను. రెండో ముక్క గొంతు దాటలేదు. ఆమె కళ్ళు మూసుకుని, సరే అన్నట్టు నా వేళ్ళు నొక్కింది. అంత దుఃఖం నాకు ఏ మైదానంలోనూ కలగలేదు.

మొన్న టీవీలో ఆ స్పెయిన్ ఆయన చేతి తొడుగులు విప్పి జనం మీదికి విసిరాక, నేను లోపలికి పోదామని కుర్చీలోంచి లేవబోయాను. మోకాళ్ళు మొరాయించాయి. కుర్చీ చేతుల్ని పట్టుకుని సగం లేచి తూలుతుంటే, వెనకనుంచి నా మనవరాలు పరిగెత్తుకొచ్చింది.

"మీ ఆహే నా, ఆజోబా" అంది.

నేనున్నాను కదా తాతా, అని. మా అమ్మ మాటే అది, పొల్లుపోకుండా. ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. నన్ను పట్టుకోవడానికి రెండు చేతులూ చాచి ఉంది. నాకు అర్థమైంది. అయినా వెనకనుంచి ఆ మాట వినబడేసరికి, ఆ పిల్ల చేతుల్ని పట్టుకోవాల్సిన నా చేతులు వెనక్కే వచ్చాయి.